రెండు పొట్టి ఈలలు

ఆయన పేరు బడిలో ఎవరూ పలికేవారు కాదు. ఈల మాస్టారు అంటేనే అందరికీ తెలిసేది. ముప్ఫయ్యొక్క ఏళ్ళు ట్రాఫిక్ కానిస్టేబులుగా కూడళ్ళలో నిలబడ్డాడు. రిటైరయ్యాక వారానికి రెండు రోజులు మా బడికి వచ్చి పిల్లలకు రోడ్డు దాటడం నేర్పేవాడు. నేను ఆ బడిలో పుస్తకాల గది చూసుకునేదాన్ని. నా గదికి రెండు కిటికీలు. ఒకటి ఆటస్థలం వైపు, ఒకటి గేటు బయట రోడ్డు వైపు. ఇక్కడ రాస్తున్నదాంట్లో కొంత ఆ కిటికీల్లోంచి చూసింది, కొంత ఆయన చెప్పింది, మిగతాది ఆయన భార్య చెప్పింది.

కుర్చీ వేస్తే దాని అంచు మీద కూర్చునే మనిషి ఆయన, ఏ క్షణాన ఎవరు లేపుతారో అన్నట్టు. నిలబడితేనే స్థిమితం. ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకుని బడి పిల్లల యూనిఫారాలు కుట్టే ఆయన భార్య, కొలతల కోసం వచ్చినప్పుడల్లా నా దగ్గర కూర్చుని నవ్వించి వెళ్ళేది.

"మా ఆయనకి డ్యూటీ ఇంకా దిగలేదమ్మా. నేను వంటింట్లోంచి వస్తుంటే ఎదురుగా చెయ్యెత్తుతారు. ఎందుకండీ అంటే, మలుపు దగ్గర హారన్ కొట్టలేదు నువ్వు అంటారు."

ఆయన పాఠం చూడముచ్చటగా ఉండేది. ఆటస్థలంలో సున్నంతో రోడ్డు గీసేవాడు. మధ్యలో తెల్లచారలు. రెండు పక్కలా పేవ్‌మెంటుకు గుర్తుగా ఇటుకలు. పిల్లల్ని పదిమంది చొప్పున వరుసల్లో నిలబెట్టి, గట్టిగా "కుడీ!" అనేవాడు. పది మెడలు ఒక్కసారి తిరిగేవి. "ఎడమా!" "మళ్ళీ కుడీ!" అప్పుడు మెడలోని ఈల నోట్లో పెట్టుకుని రెండుసార్లు పొట్టిగా ఊదేవాడు. పదికాళ్ళు ఒక్కసారి సున్నపుగీత మీద పడేవి. దూరం నుంచి చూస్తే ఏదో పెద్ద మిషను నడుస్తున్నట్టు ఉండేది. అతిథులు వచ్చినప్పుడు పెద్ద మేడమ్ తప్పకుండా అది చూపించేది. నేను కూడా కిటికీ దగ్గర నిలబడి చప్పట్లు కొట్టినదాన్నే.

"ఒక పొడుగు ఈల అంటే ఆగు. రెండు పొట్టి ఈలలంటే పో. మా డ్యూటీలో అదే లెక్క" అని పిల్లలకు మొదటిరోజే చెప్పేవాడు.

మూడో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. బడి వెనక సందులో ఇస్త్రీ దుకాణం నడుపుకునే ఆవిడ పెద్దకూతురు. రెండు జడల్లో ఒకటి ఎప్పుడూ పొట్టిగా ఉండేది. "కుడీ" అంటే గడ్డం సరిగ్గా భుజానికి తగిలేదాకా తిప్పేది. ఒక వెంట్రుకవాసి ముందు కాదు, వెనక కాదు. మాస్టారు దానికి గడియారం అని పేరు పెట్టాడు.

"ఏయ్ గడియారం, ముందుకు రా. చూడండర్రా మెడ ఎలా తిప్పుతుందో! మీరేమో గింజలేరుకునే కోళ్ళలాగా తిప్పుతారు."

"దానికి కీ ఎవరిచ్చారు సార్?" అని వెనక వరుసలో ఒక గడుగ్గాయి అడిగింది.

"నేనే ఇచ్చానే. నీకూ ఇస్తాను, చెవి ఇలా తే."

అందరూ విరగబడి నవ్వారు. గడియారం నవ్వలేదు. అది పాఠం మధ్యలో నవ్వే పిల్ల కాదు. చెయ్యెత్తి ఒక ప్రశ్న అడిగింది. "సార్, మీరు ఈల ఊదకపోతే?"

"ఊదేదాకా కదలకూడదు. ఈల లేకుండా కాలు కదిపితే తప్పు."

అది తల ఊపింది. ఆ తల ఊపడం నేనూ చూశాను.

ఆ చలికాలంలో ఒక గురువారం, సాయంత్రం నాలుగింటికి బడి వదిలారు. మాస్టారు అప్పటికే రోడ్డు దాటి, అవతల టీ కొట్టు దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. గేటుకు కాస్త ఎగువన బస్సు ఆగి ఉంది. గడియారం ఒక్కత్తే సంచీ తగిలించుకుని పేవ్‌మెంటు అంచుకు వచ్చింది. ఆయన చూశాడు. పిలవలేదు. ఏం చేస్తుందో చూద్దామనుకున్నాడు. గడ్డం భుజానికి తగిలేలా కుడివైపు తిప్పింది. ఎడమ. మళ్ళీ కుడి. కుడివైపు నుంచి వ్యాను వస్తోంది. పిల్ల కళ్ళు వ్యాను మీదే ఉన్నాయి. ఆగింది. నా పిల్ల, అనుకున్నాడట ఆయన ఆ క్షణంలో. నా పాఠం, అనుకున్నాడట.

ఆగి ఉన్న బస్సులో జనం ఎక్కడం అయిపోయింది. కండక్టరు డ్రైవరుకు రైట్ చెప్పడానికి ఈల ఊదాడు. రెండు పొట్టి ఈలలు.

గడియారం అడుగు ముందుకు వేసింది.

ఆ తర్వాతది నేను రాయను.

మాస్టారిని పట్టుకొచ్చి నా గదిలో కూర్చోబెట్టారు. చేతిలో ఖాళీ గ్లాసు అలాగే ఉంది, టీ అంతా చొక్కా మీద. ఆయనతో ఒకప్పుడు పనిచేసిన కుర్ర ఇన్‌స్పెక్టరు కాగితాలు పట్టుకుని వచ్చాడు.

"అన్నా, పిల్ల చూసుకోకుండా ఉరికొచ్చిందంటున్నాడు వ్యాను డ్రైవరు. మీరు ఎదురుగానే ఉన్నారట. అంతేనా?"

మాస్టారు గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"అంతే" అన్నాడు.

అతను రాసుకుని వెళ్ళిపోయాడు. బస్సు ఈల సంగతి ఎవరికీ తట్టలేదు. ఆ రోడ్డు మీద రోజుకు వందసార్లు మోగే చప్పుడు, ఎవరి చెవికి ఆనుతుంది? కండక్టర్లకూ కానిస్టేబుళ్ళకూ ఈల లెక్క ఒకటేనని ఆ బడిలో తెలిసినవాడు ఆయన ఒక్కడే. ముప్ఫయ్యొక్క ఏళ్ళు తెలుసు. సున్నంతో గీసిన రోడ్డు మీద నిలబడ్డప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

తర్వాతి సోమవారం నుంచి ప్రార్థన అయ్యాక పెద్ద మేడమ్ మైకులో ఒక మాట చెప్పడం మొదలుపెట్టింది. "మన బడిలోనే ఒక అమ్మాయి మాస్టారు మాట పెడచెవిన పెట్టింది. ఏమైందో మీ అందరికీ తెలుసు." ఆవిడ చెడ్డది కాదు. మిగతా పిల్లలు బాగుండాలనే చెప్పేది. ఆవిడ పక్కనే మాస్టారు నిలబడేవాడు, చేతులు వెనక్కి కట్టుకుని. ఒకసారి మైకు ఆయన చేతికిచ్చి, మీరూ నాలుగు ముక్కలు చెప్పండి అంది. ఆయన, "మాట వినాలి పిల్లలూ" అని మాత్రం అన్నాడు. అని, మైకు తిరిగి ఇచ్చేశాడు.

ఇంట్లో ఆయన భార్య మిషను వీధి కిటికీ పక్కన ఉంటుంది. వాళ్ళింటికి రెండిళ్ళ అవతల బస్‌స్టాపు. పొద్దస్తమానం కండక్టర్ల ఈలలే. ఈల మోగినప్పుడల్లా ఆయన చెయ్యి తనంతట తానే పైకి లేచేది, అరచెయ్యి బయటికి పెట్టి.

"ఎవర్నండీ ఆపుతున్నారు?" అని అడిగిందట ఆవిడ ఒకసారి, పళ్ళ మధ్య సూది పెట్టుకుని, నవ్వుతూనే.

ఆయన ఆ చేతి వైపు చూసుకుని, పెరట్లోకి వెళ్ళి కడుక్కుని వచ్చాడట. రెండోసారి ఆవిడ అడగలేదు. బస్సు చప్పుడు వినగానే మిషను జోరుగా తొక్కేదట, ఈల వినపడకుండా.

బడికి రావడం మానలేదు. మానేస్తే ఎందుకని అడుగుతారు. ఈల మాత్రం ఎక్కడో పడిపోయిందన్నాడు. నిజానికి అది భార్య బొత్తాల డబ్బాలో అడుగున ఉంది. ఈల బదులు "నడవండి" అని నోటితో చెప్పేవాడు. పిల్లలు కదిలేవారు కాదు. కాసేపు ఒకరినొకరు చూసుకుని, తామే నోటితో "పీ, పీ" అనుకుని, అప్పుడు అడుగు వేసేవారు.

"అదెందుకర్రా?" అని అరిచాడు ఆయన. పిల్లల మీద అరవడం ఎరగని మనిషి.

"ఈల లేకపోతే కాళ్ళు రావు సార్" అన్నారు వాళ్ళు నవ్వుతూ.

అప్పటినుంచి ఆయన పిల్లల మొహాలు చూడటం మానేశాడు. కాళ్ళే చూసేవాడు. ఒక మధ్యాహ్నం నా గదిలోకి వచ్చి, కుర్చీ అంచు మీద కూర్చుని, తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. "వరుసలో పదిమందే ఉంటారమ్మా. నేనే నిలబెడతాను, నేనే లెక్కపెడతాను. అడుగు పడినప్పుడు పదకొండు వినపడతాయి. ఆఖరిది కొంచెం వెనగ్గా. కాదు, వెనగ్గా కూడా కాదు. సరిగ్గా టైముకే."

వయసుకు చెవులు అలాగే ఉంటాయి మాస్టారూ, అన్నాను. అంతకంటే తెలివైన మాట నాకు తోచలేదు.

ఏడాదిన్నర గడిచింది. కొత్త తరగతులు మొదలయ్యాక మూడో తరగతి వరుసలో ఒక బక్కపిల్ల చేరింది. గడియారం చెల్లెలు. అక్క సంచీయే తగిలించుకుని వచ్చింది. పక్కపిల్లలు ఊరుకుంటారా? "మీ అక్కలా చెయ్యకే బాబూ, మమ్మల్ని కూడా చంపేస్తావు" అని ఒకత్తి. "వాళ్ళింట్లో ఎవరూ మాట వినరంటలే" అని ఇంకొకత్తి. ఆ పిల్ల ఏడవలేదు. పాఠం అయిపోయి అందరూ వెళ్ళాక మాస్టారి దగ్గరికి వచ్చి నిలబడింది.

"సార్, మా అక్క ఏది మర్చిపోయింది?"

"ఏంటమ్మా?"

"కుడివైపు చూడటం మర్చిపోయిందా, ఎడమవైపా? లేకపోతే మళ్ళీ కుడివైపా? ఏదో చెబితే నేను అది మర్చిపోకుండా ఉంటాను సార్."

ఆయన ఆ పిల్లను అక్కడే వదిలేసి, దాదాపు పరిగెడుతున్నట్టు నా గదిలోకి వచ్చి తలుపు వేశాడు. ఆ రోజు నాకు మొత్తం చెప్పాడు, నిలబడే. మధ్యలో ఒకటే మాట మళ్ళీ మళ్ళీ వచ్చేది. "ఏదీ మర్చిపోలేదమ్మా. కీ నేనిచ్చాను."

"నాకు చెబితే ఏం ప్రయోజనం మాస్టారూ, వాళ్ళమ్మకు చెప్పండి" అన్నాను.

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"ఇప్పుడున్న మొహంతోనే వెళ్ళండి. ఆ చిన్నది రేపు రోడ్డు మీద నిలబడితే?"

ఆయన తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ మాట అనకుండా ఉండాల్సిందని అప్పుడు అనిపించింది. ఇప్పుడు అనిపించదు.

ఇంటికి వెళ్ళి భార్యకు చెప్పాడు. ఆవిడ మిషను మీంచి పాదం తీసేసిందట.

"ఇన్నాళ్ళూ ఇది కడుపులో పెట్టుకుని నా పక్కన ఎలా నిద్రపోయారండీ?"

"నిద్రపోలేదే."

"అదీ నిజమేలెండి." లేచి, ఉతికిన చొక్కా తెచ్చి చేతికిచ్చింది. "నేను రాను. నేనొస్తే ఆ తల్లి నా మొహం చూసి మిమ్మల్ని ఏమీ అనలేకపోతుంది. అనాలి. ఒక్కరే వెళ్ళండి."

ఇస్త్రీ దుకాణమంటే గోడకు ఆనించిన రేకుల చాటు. ఒక బల్ల, దాని మీద మడత దుప్పటి, బొగ్గుల పెట్టె, పక్కన నీళ్ళ గిన్నె. పొద్దున పదింటికి ఆయన వెళ్ళేసరికి ఆవిడ ఎవరిదో చొక్కా పరుస్తోంది.

"రండి మాస్టారూ. ఆ బట్టల మూట పక్కకి జరిపి కూర్చోండి."

"నిలబడే చెబుతానమ్మా."

"ఏంటి, చిన్నది అల్లరి చేసిందా? రెండు తగిలించండి, నేనేమీ అనుకోను."

"చిన్నది కాదు. పెద్దమ్మాయి సంగతి."

ఆవిడ గిన్నెలో చెయ్యి ముంచి చొక్కా మీద నీళ్ళు చిలకరించింది. "దాని సంగతి ఇప్పుడెందుకు లెండి. మాట వినని పిల్ల. మీరు అంత నేర్పితే గాలికొదిలేసింది."

"వింది."

"ఏంటీ?"

"నా మాట వింది తల్లీ. వినే పోయింది."

ఈల సంగతి చెప్పాడు. సున్నపుగీత దగ్గర తను ఏం నేర్పాడో, ఆ రోజు బస్సులోంచి ఏం వినపడిందో, ఇన్‌స్పెక్టరు అడిగితే తను ఏమన్నాడో. ఆవిడ ఇస్త్రీ ఆపలేదు. ముడత లేని చొక్కా చెయ్యి మీదే పెట్టెను అటూ ఇటూ నాలుగైదుసార్లు నడిపింది.

"కుడివైపు చూసిందా?"

"చూసింది."

"ఎడమవైపు?"

"చూసింది. మళ్ళీ కుడివైపు కూడా చూసింది. వ్యాను కనబడింది దానికి. ఆగింది. ఈల మోగితే నేనే ఊదాననుకుంది."

ఆవిడ పెట్టెను నిలబెట్టింది. రెండు చేతులూ బల్ల మీద ఆనించి, తల వంచుకుని మాట్లాడింది. గొంతు పెంచలేదట.

"ఏడాదిన్నర నుంచి దాన్ని తిడుతున్నాను మాస్టారూ. ఫోటో కూడా గోడకు పెట్టలేదు, కోపంతో. చిన్నదాన్ని కొట్టినప్పుడల్లా అక్కలా చేస్తావా, అక్కలా చేస్తావా అని కొట్టాను. అది రాత్రుళ్ళు నా పక్కన పడుకుని, అమ్మా, అక్క చెడ్డదా అని అడిగితే, అవునన్నాను."

తలెత్తి ఆయన వైపు చూసింది.

"ఇది నాకు చెప్పి తేలికపడదామని వచ్చారా?"

"లేదమ్మా."

"పడొద్దు. ఎక్కడ నా పిల్లను మాట విననిదన్నారో అక్కడే చెప్పండి. ఆ మైకులో. ఆ తర్వాత మీరు ఈ సందులోకి రావద్దు. మీ ఇంటి బట్టలు కూడా పంపొద్దు."

పెద్ద మేడమ్ మొదట వినలేదు. "లేనిపోనిది నెత్తికెత్తుకుంటారెందుకు మాస్టారూ? మీరు తెలిసి చేసిందా ఏమన్నా? రేపు తల్లిదండ్రులొచ్చి నా గది ముందు కూర్చుంటే ఎవరు సమాధానం చెబుతారు? బడి పేరు పోతుంది."

"పేరు పోయింది ఆ పిల్లది మేడమ్. బడిది కాదు."

"పోనీ, నేను ఆ మాట చెప్పడం మానేస్తాను. సరేనా?"

"మానేస్తే సరిపోదు. ఇన్నాళ్ళూ చెప్పాం కదా."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. సరే అనలేదు, కాదనలేదు. సోమవారం మైకు బల్ల మీద పెట్టి రెండడుగులు పక్కకు జరిగింది.

ఆయన మైకు పట్టుకున్న తీరు నాకు ఇప్పటికీ గుర్తే, ఎవరిదో వస్తువు దొరికితే తిరిగి ఇవ్వడానికి తెచ్చినట్టు.

"పోయినేడాది మన బడిలో చనిపోయిన అమ్మాయి మాట వినలేదని మీకు చెప్పాం. అది అబద్ధం. ఆ అమ్మాయి నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. ఈల వస్తేనే నడవమని చెప్పాను. బస్సు ఈల వచ్చింది, నడిచింది. తప్పు నాది. నేను మీకు తల తిప్పడం నేర్పాను. చూడటం నేర్పలేదు. ఏం కనబడిందర్రా అని ఒక్కరోజు కూడా మిమ్మల్ని అడగలేదు. ఇకనుంచి ఎవరి ఈలకీ, ఎవరి మాటకీ అడుగు వెయ్యకండి. నా మాటకి కూడా. ఏమేం వస్తున్నాయో ముందు మీకు మీరు చెప్పుకోండి. ఏమీ రావడం లేదని చెప్పుకోగలిగినప్పుడే నడవండి."

మూడో తరగతి వరుసలోంచి ఒక సన్నని గొంతు వచ్చింది.

"అయితే మా అక్క ఏదీ మర్చిపోలేదా సార్?"

"ఏదీ మర్చిపోలేదమ్మా."

ఆ పిల్ల పక్కనున్న పిల్ల వైపు తిరిగి, "విన్నావా?" అంది. అంతే. మళ్ళీ ముందుకు తిరిగి చేతులు కట్టుకుంది.

ఆ సాయంత్రమే పెద్ద మేడమ్ ఆయన్ని ఇక రావద్దంది. మర్యాదగానే చెప్పింది, మీకు విశ్రాంతి అవసరం అని. సున్నపుగీతలు రెండు వానలకు పోయాయి. ఇటుకలు ఎవరో తోటపనికి తీసుకుపోయారు. ఆయన భార్య కొలతలకు వస్తూనే ఉంది. మునుపటిలా నవ్వించేది కాదు. "చెప్పేస్తే పోతుందనుకున్నానమ్మా" అంది ఒకసారి, టేపు చుట్టుకుంటూ. "పోలేదు. ఇప్పటికీ చెయ్యి లేస్తుంది. కాకపోతే ఇప్పుడు ఎందుకు లేస్తుందో నాకు తెలుసు. నేను వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించుతాను."

ఆయన బడిలోకి రాలేదు గాని, రోజూ నాలుగింటికి రోడ్డు అవతల వచ్చి నిలబడేవాడు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ పొమ్మనలేదు. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని ఉండేవాడు. ఎవరినీ ఆపేవాడు కాదు, ఎవరికీ దారి చూపేవాడు కాదు. పిల్లలు పలకరిస్తే తల ఊపేవాడు.

ఇస్త్రీ దుకాణం ఆవిడ ఆ నెల నుంచి చిన్నకూతుర్ని తీసుకెళ్ళడానికి తనే రావడం మొదలుపెట్టింది. ఒకరోజు నేను పుస్తకాలు సర్దుకుని గేటు దాటుతుంటే ఇద్దరూ నా ముందు పేవ్‌మెంటు అంచున నిలబడి ఉన్నారు. తల్లి పిల్ల చెయ్యి పట్టుకోలేదు. సంచీ పట్టీ మాత్రం రెండు వేళ్ళతో పట్టుకుంది.

"ఏం కనబడుతున్నాయో చెప్పు."

"సైకిలు. దాని వెనక నీళ్ళ ట్యాంకరు. ఇటువైపు నుంచి లారీ, ఇంకా దూరంగా ఉంది." పిల్ల రోడ్డు అవతలికి చూసింది. "అటు టీ కొట్టు దగ్గర సార్."

"బండ్లు చెప్పు చాలు" అంది తల్లి.

సైకిలు పోయింది. ట్యాంకరు పోయింది. లారీ చాలా మెల్లగా వచ్చి, అదీ పోయింది. ఏమీ లేదమ్మా అంది పిల్ల. ఇద్దరూ దాటారు. టీ కొట్టు దగ్గర ఆయన ఒక అడుగు వెనక్కి జరిగి దారి ఇచ్చాడు. ఆవిడ ఆయన వైపు చూడకుండా, కూతురు ఆయన వైపే చూస్తూ, పక్కనుంచి వెళ్ళిపోయారు.